పిల్లలకోడిని కడిగి తెచ్చిన ప్రయాణం

పిల్లలకోడిలో ఎన్ని చుక్కలున్నాయో తేల్చుకోవడానికి నేను బోధన్ దాకా పోయి వచ్చాను. ఐదు రోజులు పట్టింది. మా ఊరి ఆడవాళ్లలో చాలామంది ఆర్మూరు సంత దాటి పోలేదు కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను.

పిల్లలకోడి అందరికీ తెలిసినదే. చలికాలంలో చీకటి పడ్డాక నెత్తిమీద గుప్పెడు చుక్కలు ఒక్కచోట గుంపుగా కనబడతాయి. పుస్తకాల్లో కృత్తికలు అని రాస్తారు. మా దగ్గర కోడి ఒకటి, పిల్లలు ఆరు, మొత్తం ఏడు అని లెక్క. నిజం చెప్పాలంటే నా కంటికి ఎప్పుడూ ఆరే ఆనాయి. ఏడోది ఏదని అడిగితే మా అమ్మ, "అది కోడి రెక్క కింద ఉన్నది" అనేది.

నలభై దాటాక నేను సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఆ బడి నడిపే సుగుణమ్మ పంతులమ్మ ఒకరోజు, ఆ గుంపులో ఉన్నవి ఏడు కావు, కంటికి ఆననివి ఇంకా ఉన్నాయి, ఫోటో తీస్తే తెలుస్తాయి అని చెప్పింది. ఆ మాట నేను ఇంటికి మోసుకొచ్చాను. గొడవ అక్కడ మొదలైంది.

మా యారాలు నర్సవ్వ, అంటే మా బావ భార్య, నాకన్నా ఆరేళ్లు పెద్దది. నేను పలక పట్టుకుని బడికి పోయే వేళకే ఇంట్లో పదకొండు మందికి రొట్టెలు కాల్చాలి. రెండేళ్లుగా నా వంతు కూడా తనే కాలుస్తోంది. విసిగిపోయి ఉంది.

"బడికి పోతె అక్షరాలు పెరుగుతయనుకున్న. చుక్కలు గూడ పెరుగుతున్నయా రాజవ్వా?" అంది.

"పంతులమ్మ చెప్పిందక్కా. ఫోటో తీస్తె కనవడ్తయట."

"ఫోటోలోళ్లు ఏమన్న జేస్తరు. మా తమ్ముని లగ్గం ఫోటోల వాని మొఖం తెల్లగ లేదా? గా తెలుపు ఎక్కడికెళ్లి వచ్చింది? వాళ్ల అవ్వ కడుపులకెళ్లి అయితె రాలె."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. పిండి తట్ట పక్కన పెట్టి షరతు చెప్పింది.

"నీ చేతులతోని కడిగి తే. నడుమ ఎవ్వని చెయ్యి తగలొద్దు. ఏడుకంటె ఒక్కటి ఎక్కువున్నా సరే, మళ్ల చలికాలం దాక నీ వంతు పొయ్యి నేనే చూస్త. లేకుంటె పలక అటుక మీద వెట్టి పొయ్యి కాడికి రా. మంజూరేనా?"

మంజూరే అన్నాను. అన్న తర్వాత భయం వేసింది. అప్పటికి నేను గుణింతాలు దాటి వాక్యాలు కూడబలుక్కుంటున్నాను. మానితే రెండు నెలల్లో అన్నీ మరిచిపోతానని నాకు తెలుసు. మాతో మొదలుపెట్టి మానిన ఇద్దరు ఇప్పుడు సంతకం కూడా పెట్టలేరు.

సుగుణమ్మ తమ్ముడు రమణ సార్ బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు రసం పరీక్ష చేసే పనిలో ఉన్నాడు. ఆయన దగ్గర దుర్బిణి, కెమెరా ఉన్నాయి. ఐదు రోజుల సెలవులకు పంతులమ్మ అక్కడికే పోతుంటే నేను కూడా బయలుదేరాను. "పసుపు తవ్వుడు మొదలయ్యే లోపట రా" అని మా ఆయన ఒక్క మాట అన్నాడు.

ఆర్మూరు దారి

పోచంపాడ్ దగ్గర ఆనకట్ట పని మొదలైన కొత్త రోజులవి. బస్సు నిండా పారలు, తట్టలు, పాలమూరు కూలీలు. నా పక్కన కూర్చున్న ఆమె ఒళ్లో గంప పెట్టుకుని, ఎక్కడికమ్మా అని అడిగింది. చుక్కలు లెక్కపెట్టడానికి పోతున్నానని చెప్పాను.

"కూలెంత ఇస్తరు?"

"కూలి లేదు."

"తిండన్న వెడ్తరా?"

"మనమే కట్టుకపోవాలె."

ఆమె కాసేపు ఆలోచించి, "మట్టి పనే నయం తల్లీ, రారాదు?" అంది. పంతులమ్మ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

ఆర్మూరులో బస్సు మారాలి. చాయ పదిహేను పైసలు, మిర్చి బజ్జీలు రెండు పది పైసలు. చాయ హోటల్ బోర్డు, సైకిల్ దుకాణం బోర్డు, గోడ మీద ఓట్ల రాత, అన్నీ పైకే చదివాను. ఒకాయన తిరిగి చూశాడు. పంతులమ్మ, "మనసులో చదవచ్చు రాజవ్వా" అంది. మనసులో చదవడం నాకింకా రాదు.

చెరుకు బండ్ల మధ్య

నిజామాబాద్‌లో రైలెక్కి బోధన్‌లో దిగాము. స్టేషను నుంచి ఫ్యాక్టరీ దాకా చెరుకు బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఎద్దులను విప్పి కట్టేశారు. రెండు రోజులుగా వరుసలో ఉన్నామని ఒక బండాయన చెప్పాడు. బండ్ల నీడలో మరాఠీ ఆడవాళ్లు, చెరుకు కొట్టడానికి వచ్చినవాళ్లు, కచ్చ పోసి కట్టిన చీరల్లో కూర్చుని రొట్టెలు చేస్తున్నారు. మేము జొన్నరొట్టె పీట మీద చరుస్తాం. వాళ్లు నీళ్ల చేత్తో రెండు అరచేతుల మధ్యే తిప్పి తిప్పి వెడల్పు చేస్తున్నారు. నేను నిలబడి చూస్తుంటే ఒకామె సగం రొట్టె, ఎల్లిపాయ కారం చేతిలో పెట్టింది. నా మూటలోంచి రెండు సకినాలు తీసి ఇచ్చాను. ఆమె మాట నాకు, నా మాట ఆమెకు తెలియలేదు. సకినం మాత్రం తిప్పి తిప్పి చూసి, ఆ చుట్టలు చేత్తోనే చుట్టావా అని వేలితో గాలిలో చుట్టి అడిగింది. తల ఊపాను.

బోధన్ అంతా ఉడికిన బెల్లం పులిసినట్టు ఒక వాసన. మొదటి గంట బాగుంటుంది. తర్వాత తల బరువెక్కుతుంది. మూడో గంటకు తెలియదు. రమణ సార్ ఇంట్లో ఇచ్చిన చాయలో బెల్లం వేశారు. ఇంత ఫ్యాక్టరీ పక్కన పెట్టుకుని బెల్లమెందుకు అని అడిగితే, చక్కెర కార్డు మీదనే ఇస్తారు, ఈ నెలది అయిపోయింది అన్నాడు సార్. ఆయన ముప్పై ఏళ్లలోపువాడు, సన్నగా ఉంటాడు, మాట నెమ్మది.

షరతు విని ఆయన సంతోషపడ్డాడు. "మీ యారాలు చెప్పింది సరిగ్గ ఉన్నది రాజవ్వక్కా. ఎవరి చెయ్యి తగిలిందో రాసి పెట్టుకోవాలె. మా లేబరేటరీల గూడ అదే పద్ధతి."

మరునాడు చీకటి పడగానే ఊరి బయట, గాలికి ఎదురుగా, పొగ రాని చోట దుర్బిణి నిలబెట్టారు. ఫ్యాక్టరీలో పనిచేసి వెళ్లిపోయిన ఒక ఇంజనీరు దగ్గర సార్ కొన్న దుర్బిణి అది. నాలుగు మూరలుండదు. కన్ను పెట్టే చోట కెమెరా బిగించాడు, దాని అద్దం తీసేసి. దుర్బిణి మూతికి అట్టతో చేసిన మూత ఉంది. ఆ మూత నా చేతికిచ్చాడు.

"తియ్యి. ఒకటి, రెండు, మూడు. వెట్టు. అంతే. దుర్బిణికి తగలొద్దు."

అంతే అన్నాడు గాని, ఎనిమిది సార్లు తీస్తే మొదటి ఐదింటిలో నా మోచేయి తగిలింది. చివరి మూడింటికి శ్వాస బిగపట్టి తీశాను. ఫిలిం చుట్ట అయిపోయింది. మళ్లీ కొనాలంటే హైదరాబాద్ నుంచి రావాలి.

నీళ్లగది

ఫోటో కడగడం అంటే నిజంగా కడగడమే అని నాకు అప్పుడు తెలిసింది. చుట్ట విప్పితే అందులో బొమ్మ ఉండదు. వెలుగు తగిలితే ఎప్పటికీ రాదు. చీకట్లో ఒక మందులో ముంచితే బొమ్మ పైకి వస్తుంది. తర్వాత ఇంకో మందులో ముంచితే నిలుస్తుంది. మొదటి దాన్ని డెవలపర్ అంటారు, రెండోది హైపో. ఇది అది, అది ఇది అయితే చేతికి వచ్చేది ఉత్త ఫిలిం.

మరునాడు పొద్దున రమణ సార్ ఇంటి నీళ్లగది తలుపుకు గొంగడి వేలాడదీశాము. రెండు గిన్నెలు పెట్టి, అక్షరాలు వచ్చు కదా అని నేను రెండు చీటీలు రాసి అంటించాను. ఒకదాని మీద "మొదటిది", ఇంకోదాని మీద "రెండోది". సార్ చీటీలు చూసి నవ్వుకున్నాడు. బయటికి పోయి తలుపు మూశాడు. దీపం ఆర్పాక తెలిసింది, చీటీలు చదివేదెవరని.

"సారూ, చీటీలు కనవడ్తలెవ్!"

"కనవడవక్కా," అన్నాడు బయటినుంచి. "ఎడమ చేతి దిక్కు ఏది పెట్టినవు?"

నేను ఇంట్లో వండేటప్పుడు ఎప్పుడూ ఉప్పు ఎడమ పక్క, కారం కుడి పక్క పెడతాను. అలాగే మొదటిది ఎడమన పెట్టాను. వాసన కూడా చూశాను. హైపోకు ముక్కు మండే పులుపు వాసన. ఫిలిం రెండు కొసలు పట్టుకుని, ఒక చెయ్యి ఎత్తి ఒక చెయ్యి దించి, మందులోంచి అటూ ఇటూ లాగుతూ ఉండాలి. సార్ బయట గడియారం చూస్తూ నిమిషాలు చెబుతుంటే నేను లాగుతున్నాను. చలికాలం కదా, నీళ్లు చల్లగా ఉంటే మందు పనిచెయ్యదని ముందే గోరువెచ్చగా కలిపాము. తొమ్మిదో నిమిషంలో ఫిలిం జారింది. కింద పడకుండా నడుమ పట్టుకున్నాను.

హైపో అయ్యాక తలుపు తీశారు. వెలుగులో నా వేళ్లు చూసుకుని అరిచాను. ఎర్రగా ఉన్నాయి. కోసుకుపోయాయనుకున్నాను. సార్ కూడా భయపడి దగ్గరికి వచ్చాడు. నీళ్లలో ముంచితే రక్తం కాదు, రంగు. ఆ రోజు శుక్రవారం. పొద్దున పాదాలకు పసుపు రాసుకున్నాను. డెవలపర్ మందులో సోడా ఉంటుందట. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టు నా వేళ్లకు పారాణి అయింది. పెళ్లయిన ఇన్నేళ్లకు మళ్లీ పారాణి పెట్టుకున్నావు అని పంతులమ్మ నవ్వింది. కాని జారినప్పుడు పట్టుకున్న చోట, మూడు మంచి బొమ్మల్లో రెండోదాని మీద, నా బొటనవేలి ముద్ర పడింది. ఎరుపు పోయి పసుపు మరకగా మిగిలింది. ఎంత కడిగినా పోలేదు.

మసి

బొమ్మ చూసి మొదట నాకు అర్థం కాలేదు. ఆకాశం తెల్లగా, చుక్కలు నల్లగా ఉన్నాయి. కడిగిన ఫిలింలో అంతా తిరగబడి ఉంటుందని, దాన్ని నెగెటివ్ అంటారని, కాగితం మీదికి ఎక్కిస్తే సరి అవుతుందని సార్ చెప్పాడు. రూపాయి బిళ్లంత చోటులో ఆవగింజల్లా చుక్కలు. "ఆరబెట్టు" అని చెప్పి ఆయన డ్యూటీకి పోయాడు.

పసుపు పండించేవాళ్లకు ఆరబెట్టడం అంటే ఒకటే తెలుసు. ఎండ, గాలి. ఫిలిం తీసుకెళ్లి వాకిట్లో బట్టల తీగకు పిన్నులు పెట్టి వేలాడదీశాను. ఆ వీధిలో ఇంకెవరి తీగ మీదా ఒక్క బట్ట కూడా లేదని నాకు కనబడింది. ఈ ఊరి ఆడవాళ్లు ఇంత పొద్దెక్కినా బట్టలు ఉతకలేదని మనసులో అనుకున్నాను కూడా.

సాయంత్రం సార్ వచ్చి ఫిలిం చూసి గబగబా తీగ మీదినుంచి తీశాడు. చెరుకు ఆడే రోజుల్లో పొగగొట్టం నుంచి మసి రాలుతూనే ఉంటుంది. అందుకే ఆ ఊళ్లో బట్టలు ఇంట్లో ఆరేస్తారు. తడి ఫిలిం మీద పడిన మసి అందులోనే అతుక్కుని ఎండిపోయింది. నెగెటివ్‌లో చుక్క నల్లగా ఉంటుంది. మసి కూడా నల్లగానే ఉంటుంది. ఇప్పుడు పిల్లలకోడిలో యాభై అరవై పిల్లలున్నాయి.

"తుడిస్తె?" అన్నాను.

"తుడిస్తె అన్నీ పోతయక్కా."

ఆ రాత్రి పడుకుని ఆలోచించాను. నర్సవ్వ ముందు యాభై చుక్కలు పెట్టి గెలవచ్చు. కాని అందులో ఏది చుక్కో ఏది మసో నాకే తెలియదు.

మరునాడు పొద్దున, మూడు బొమ్మల్లో దేని మీద మసి తక్కువుందో చూద్దామని వాటిని విడివిడిగా కత్తిరించి, రెండు ముక్కలు కలిపి కిటికీకి అడ్డం పట్టుకున్నాను. ఒకటి జరుగుతుంటే రెంటిమీది మచ్చలు గజిబిజిగా కదిలాయి. కొంచెం అటు జరిపాను. కొంచెం తిప్పాను. ఒక్కసారిగా ఆరు పెద్ద చుక్కలు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి. వాటితో పాటు కొన్ని చిన్నవి కూడా కూర్చున్నాయి. మిగతావి దేనికదే విడిగా ఉండిపోయాయి.

"సారూ, ఇటు రాండ్రి. చుక్కలు జంటలైనయ్."

ఆయన వచ్చి చూశాడు. ముక్కలు తనే ఒకసారి జరిపి చూశాడు. "మసి రెండుసార్లు ఒక్క జాగల పడదు," అన్నాడు చివరికి. మూడోదాన్ని కూడా కలిపి చూశాము. మూడింటిలోనూ ఉన్నదే చుక్క, లేనిది మసి అని నియమం పెట్టుకున్నాను. సూది మొనతో చూపించుకుంటూ నాలుగుసార్లు లెక్కపెట్టాను. పదకొండు వచ్చాయి.

మళ్లీ నిజామాబాద్

ఆవగింజ చుక్కలు నర్సవ్వ కంటికి ఆనవు. పెద్ద కాగితం మీదికి ఎక్కించాలి. అలా పెద్దగా ఎక్కించే యంత్రం నిజామాబాద్‌లో ఫోటో స్టూడియోలో ఉంది. పంతులమ్మ మరునాడు ఊరికి వస్తానని తమ్ముడింట్లోనే ఆగింది. నేను ఒక్కదాన్నే రైలెక్కాను. జీవితంలో మొదటిసారి ఎవరినీ అడగకుండా, స్టేషను పేరు చదువుకుని దిగాను.

ఆ స్టూడియోలో ఖాదర్ సాబ్ అని డెబ్భై ఏళ్ల ముసలాయన ఉన్నాడు. నెగెటివ్ మీద మచ్చలు తియ్యడం ఆయన పని. సన్నని కత్తి మొనతో గీకుతాడు, సన్నని కుంచెతో దిద్దుతాడు. అమ్మవారు పోసిన మొహాలను నున్నగా చేసి ఎన్ని పెళ్లిళ్లు కుదిర్చాడో లెక్కలేదని పక్క దుకాణం వాళ్లు చెప్పారు. కరెంటు లేదు, పొద్దున రా, నీ చేతులతోనే చేసుకుందువు అన్నాడు. పెద్ద బొమ్మ ఒకటికి రెండు రూపాయలు. నా దగ్గర ఒకదానికే ఉన్నాయి. మూడింటిలో మంచిదాన్ని ఆయనకిచ్చి, మరకదీ ఇంకోటీ సంచిలో పెట్టుకున్నాను.

ఆ రాత్రికి పంతులమ్మ స్నేహితురాలు లక్ష్మక్క ఇంట్లో ఉన్నాను. వాళ్లింట్లో ముగ్గురు ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మాటలాడుతూనే చుడతారు, చూడకుండానే కొస మడుస్తారు. మా ఊళ్లో ఆడవాళ్లకు డబ్బు పంట అమ్మినప్పుడు, అదీ మగవాళ్ల చేతిలో కనబడుతుంది. ఇక్కడ వారం వారం వీళ్ల చేతికే వస్తుంది. కాని కార్ఖానాలో ఏరేవాడు ఒకడుంటాడట. వంకర ఉందని, లావుందని పక్కకు పారేస్తాడు. "ఏరెటోనికి ఏరుడే తెలుసు. ఉంచుడు తెల్వది," అంది లక్ష్మక్క. అప్పుడు నవ్వాను.

పొద్దున పోయేసరికి ఖాదర్ సాబ్ ఎదురుచూస్తున్నాడు. నెగెటివ్‌ను అద్దం మీద పెట్టి చూపించాడు.

"ఎంత కచరా ఉండె అమ్మా! కందిలి వెట్టుకొని రెండు గంటలు కూసున్న. ఇప్పుడు సూడు, సాఫ్. పైసల్ వద్దు."

ఆ దుకాణంలో ఏ నెగెటివ్ వచ్చినా ముందు ఆయన బల్ల మీదికే పోతుందట. అది అక్కడి పద్ధతి. మసి పోయింది. చుక్కలూ పోయాయి. కడిగిన పళ్లెంలా ఉన్న ఆకాశంలో సరిగ్గా ఏడు మిగిలాయి.

"సాత్ సహేలియా గదమ్మా ఇవి," అన్నాడు గర్వంగా. "ఏడుగురు స్నేహితురాళ్లు. నాకు తెల్వదా? ఏడే ఉంచిన."

నేను మెట్టు మీద కూర్చున్నాను. సంచిలోంచి ఇంకో ముక్క తీసి, దాని మీద పెట్టి చూశాను. ఆయన ఉంచిన ఏడింటిలో ఒకటి మసి.

మొదటినుంచి ఆయనకు చెప్పాను. నర్సవ్వ షరతు, నా వేళ్లు, తీగ, మసి, పదకొండు. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"నలభై ఏండ్ల సంది మచ్చలు గీకుడే నా పని. ఆస్మాన్‌ది గూడ మొఖమే అనుకున్న."

ఆయనే మళ్లీ అన్నాడు. "ఫికర్ చెయ్యకు. మీ యారాలుకు ఏడుకంటె ఎక్కువ గావాలె, గంతే గద? కాగితం మీద బ్లేడుతోని గీకితె తెల్ల చుక్క వస్తది. ఎన్ని గావాలె? పదిహేనా? నా చెయ్యి ఎవ్వరు పట్టరు."

ఆయన చాయ తెప్పించాడు. తాగినంతసేపూ ఆలోచించాను. మంచి బొమ్మ పోయింది. ఉన్నవాటిలో ఒకదాని మీద నా బొటనవేలు, ఇంకోదాని నిండా మసి. పదిహేను చుక్కలు పెట్టించుకుపోతే నర్సవ్వకు తెలియదు. నాకు తెలుస్తుంది. ఇంటికి పోయి రొట్టె తినే ప్రతిసారీ తెలుస్తుంది.

"వద్దు సాబ్. నడుమ ఎవ్వని చెయ్యి తగలొద్దని మాట."

"నాది తగిలింది గద."

"అది గూడ చెప్త."

ఎర్ర దీపం

లోపల చీకటి గదిలో ఎర్ర దీపం ఉంది. ఫోటో కాగితం మీద ఆ వెలుగు పనిచెయ్యదట, అందుకని పాడవదు. ఖాదర్ సాబ్ రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నేను ముట్ట. నువ్వే చెయ్యి. చెప్పుడు మాత్రం చెప్త."

యంత్రంలో నెగెటివ్ పెట్టాను. కింద కాగితం మీద వెలుగు పడింది. ఆయన చెప్పినంతసేపు ఉంచి, కాగితం మందులో వేశాను. నేను చుక్కలు ఎప్పుడొస్తాయా అని చూస్తున్నాను. చుక్కలు రాలేదు. వచ్చింది నలుపు. మూలల నుంచి, నడుమ నుంచి నలుపు కమ్ముకుంటూ వచ్చి, కొన్నిచోట్ల రాకుండా ఆగింది. ఆ రాని చోట్లే చుక్కలు. ఇది నేను ఎవరికి చెప్పినా సరిగా అర్థం కాలేదు, చూస్తేనే తెలుస్తుంది.

రెండు ముక్కలకూ రెండు బొమ్మలు చేశాను. ఖాదర్ సాబ్ డబ్బు తీసుకోలేదు. తను బాగుచేసిన నెగెటివ్ కూడా చేతిలో పెట్టి, "ఇది గూడ సూపెట్టు. ముసలోడు గిట్ల జేసిండని చెప్పు," అన్నాడు.

ఇల్లు

ఊరు చేరేసరికి పొద్దు గూకింది. సెలవులు అయిపోయి పంతులమ్మ కూడా వచ్చేసింది. బడి వేళ. నర్సవ్వ పొయ్యి ముందే ఉంది. కాళ్లు కడుక్కోకముందే, "ఎన్ని?" అంది.

"పదకొండు."

"ఎవ్వని చెయ్యి తగల్లేదా?"

అన్నీ చెప్పాను. దాచలేదు. తీగ మీద ఆరేసిన సంగతి చెబితే, "పసుపనుకున్నవా?" అని నవ్వింది. ఖాదర్ సాబ్ నెగెటివ్ చూపిస్తే, "ఏడే ఉన్నయ్ గద మరి! ముసలాయనకు తెలుసు" అంది. అందులో ఒకటి మసి అని చూపించాక దాన్ని పక్కన పెట్టేసింది. పెద్ద బొమ్మలు రెండూ చూసి పెదవి విరిచింది. "ఇందుల ఏది చుక్క, ఏది మసి? నువ్వు జెప్తె నేను నమ్మాల్నా?"

"నువ్వే సూడు. కింది ఫిలిం ముక్క కదలనియ్యకు. మీదిది జరుపు. ముందుగల చేతులు తుడుచుకో, పిండి ఉన్నది."

చేతులు కొంగుకు గట్టిగా తుడుచుకుంది. రెండు నెగెటివ్‌లు తీసుకుని కందిలి ముందు పట్టింది. పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. పట్టించుకోలేదు. జరిపింది, తిప్పింది. నాకు చెప్పకుండానే తెలిసింది, చుక్కలు కలిశాయని. ఆమె జరపడం ఆపేసింది.

వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకసారి, రెండోసారి. మూడోసారి నన్ను పిలిచింది.

"గీ పచ్చమరక ఏంది?"

"నా వేలు. పసుపు."

"దాని కింద సూడు."

చూశాను. బొటనవేలి ముద్ర గీతల మధ్య, ఉండీ లేనట్టు ఒక సన్నని నలుసు. ఇంకో ముక్కలో సరిగ్గా అదే చోట, నేను మసి అని తీసేసిన మచ్చ ఉంది. ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. మూడింటిలోనూ ఉండాలని నియమం పెట్టుకుని, నా వేలి కింద ఉన్నదాన్ని నేనే చూడలేదు.

నర్సవ్వ నెగెటివ్‌లు నా చేతికిచ్చి, మాడిన రొట్టెను పెనం మీదినుంచి తీసి కుక్కకు వేసింది. కొత్త ముద్ద తీసుకుని పీట మీద చరచడం మొదలుపెట్టింది.

"పన్నెండున్నయ్," అంది నా వైపు చూడకుండా. "రెండేండ్లు చదివి, రైలెక్కి పోయి పదకొండని లెక్కవెట్టుకొచ్చినవ్. లెక్క గూడ రాకపాయె. ఇంక ఈడ కూసుంటవేంది? పో, బడికి పోయి సరిగ్గ నేర్చుకొని రా."

పలక గూట్లోనే ఉంది. తీసుకుని వెళ్లాను.